మా ఆయన, మా తమ్ముడు, మధ్యన ఒక వెంట్రుక

మా ఆయనకు దేవుడు రెండు కళ్లే ఇచ్చాడు. అవి చాలక ఆయన ఇంకొకటి కొనుక్కుని కుడి కంటికి తగిలించుకున్నారు. గడియారాలు బాగుచేసేవాళ్లు పెట్టుకునే భూతద్దం అది. పొద్దున కొట్టు తెరిచి పెట్టుకుంటే మళ్లీ షట్టరు దించేటప్పుడే తీయడం. అందుకని మా బజారంతా ఆయన్ని 'భూతద్దం' అంటుంది. ఎదురుగా అనరు. అయినా ఆయనకు తెలుసు. ఎవరెవరు అంటారో, ఎవరు విని నవ్వుతారో, ఎవరు విననట్టు నటిస్తారో అంతా తెలుసు.

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే "ఎందుకు నవ్వాడు? నీళ్లు కలిపాడా?" అంటారు. నవ్వకుండా పోస్తే "మొహం చాటేస్తున్నాడు, చూశావా?" అంటారు. ఇంటికి తాళం వేసి లాగి చూస్తారు. నన్నూ లాగి చూడమంటారు. మెట్లు దిగాక మళ్లీ పైకెక్కి తానే ఇంకోసారి లాగుతారు. పెళ్లయిన కొత్తలో ఏడుపొచ్చేది. తర్వాత నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ రెండూ లేవు, తాళంచెవి ఆయన చేతిలో పడేసి కిందికి పోయి నిలబడతాను.

పూర్తిగా ఆయన్నీ అనలేం, చేసే పని అలాంటిది. వాచీ పట్టుకొచ్చిన ప్రతివాడూ "నేనేం చేయలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అనేవాడే. మూత తీస్తే లోపల నీళ్లుంటాయి. లేదంటే ఇంట్లో ఎవరో కూరగాయల కత్తితో కెలికిన గీతలుంటాయి. దానంతటదే ఏదీ చెడిపోదు, చెడగొట్టినవాడు ఒకడు ఉండే ఉంటాడు, వాణ్ని పట్టుకుంటే సగం రిపేరు అయిపోయినట్టే. ఇది ఆయన సిద్ధాంతం. వాచీల వరకూ ఆ సిద్ధాంతం బాగానే నడిచింది. దాన్ని ఇంట్లోకి తెచ్చినప్పుడే నా ప్రాణం మీదికొచ్చింది.

మా కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద ఉంటుంది. ముందు నేను కూర్చునే గాజు బల్ల. బెల్టులు మార్చడం, సెల్లులు వేయడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం నా పని. వెనక ఎత్తైన చెక్కబల్ల ఒకటి, దానికి అటొకరు ఇటొకరు కూర్చుంటారు. అటు మా ఆయన, ఇటు మా తమ్ముడు. అమ్మానాన్నా పోయాక వాణ్ని నాతోనే తెచ్చుకున్నాను. నాకు పుట్టిల్లు అంటూ మిగిలింది వాడొక్కడే. మా ఆయన వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పారు. తిట్టి నేర్పారు, మొట్టి నేర్పారు, కానీ దాచుకోకుండా నేర్పారు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. వాడు చెయ్యి తిరిగిన పనివాడయ్యాడు. ఆడవాళ్ల వాచీలు, చీమ తలకాయంత స్క్రూలుండేవి, వాడికే వెళ్లేవి. మాట్లాడుతూ, నవ్వుతూ, కూనిరాగం తీస్తూ చేసేవాడు. వేళ్ల వంక చూసేవాడే కాదు.

కొట్టు ఇద్దరి చేతుల మీద నడిచేది. ఇద్దరూ ఆ బల్లకు అటూ ఇటూ ఉంటేనే నాకు ఇల్లున్నట్టు. అందుకే ఆ బల్ల దగ్గర చిటపట మొదలైన రోజే నాకు గుండెల్లో రాయి పడింది.

మొదట పడింది ఒక స్క్రూ. మా ఆయన చేతిలోని ట్వీజరు నుంచి, అంటే ఆ సన్నటి పట్టకారు నుంచి జారి, బల్ల మీద టిక్కున చప్పుడు చేసి ఎటో పోయింది. స్క్రూలు పడటం మామూలే, ముగ్గురం నేల మీద పాకి వెతికాం. మర్నాడు ఇంకొకటి పడింది. తర్వాత ఏ చిన్న వస్తువు పట్టుకున్నా అంతే. ఇంకెవరైనా అయితే "ఏమిటో, చెయ్యి జారుతోంది" అనుకుంటారు. మా ఆయన అలా అనుకుంటే ఆయన మా ఆయన ఎందుకవుతారు? ట్వీజరును లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీన్నెవరో ముట్టుకున్నారు," అన్నారు.

కొట్టులో ఉన్నది ముగ్గురం. నేను ట్వీజరు ముట్టను.

ఈ పనిలో ఉన్నవాళ్లకు స్క్రూ నిలవకపోతే ముందు గుర్తొచ్చేది ట్వీజరే. దానికి అయస్కాంతం పట్టిందేమో, మొనలు వంగాయేమో, నూనె అంటిందేమో అని చూస్తారు. చెయ్యి గురించి ఎవరూ ఆలోచించరు. మా ఆయన చిన్న దిక్సూచి తెచ్చి ట్వీజరు దగ్గర పెట్టారు. ముల్లు కదలలేదు. అంటే అయస్కాంతం లేదు. భూతద్దంలో మొనలు చూశారు, రెండూ సమంగా కలిశాయి. పెట్రోలులో ముంచి తుడిచారు. అయినా స్క్రూ పడింది. ఏ పరీక్షలోనూ తప్పు దొరకలేదు కాబట్టి అనుమానం తీరాలి కదా? తీరలేదు సరికదా, ఇంకా పెరిగింది.

"ఎంత తెలివిగా చేస్తున్నాడో చూశావా? ఆనవాలు కూడా దొరకనివ్వడం లేదు," అన్నారు ఇంటికొచ్చాక నాతో.

"ఎవరండీ?"

"ఎవరో నీకు తెలియదా?"

నాకు ఒళ్లు మండింది. "వాడికేం పని? మీ స్క్రూలు పడితే వాడికేం ఒరుగుతుంది?"

"అదే కనిపెట్టాలి," అన్నారాయన.

కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. వీధికి అవతల గాజు తలుపుల పెద్ద వాచీల షాపు ఉంది. దాని యజమాని మా తమ్ముణ్ని పిలిచి తన దగ్గర చేరమన్నాడట. టీ కొట్టువాడు ఆ కబురు మా ఆయన చెవిన వేశాడు. నిజమే, పిలిచాడు. వాడు రానని చెప్పి, ఆ సంగతి నాకు చెప్పి నవ్వేశాడు కూడా. టీ కొట్టువాడు 'పిలిచాడు' దగ్గర ఆపేశాడు, 'రానన్నాడు' వరకూ రాలేదు. నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. "నీకు చెప్పిందంతా నిజమని నీకెలా తెలుసు?" అన్నారు.  నా మాటకు సాక్ష్యం కూడా నేను వాడి దగ్గరే తేవాలి.

అప్పటి నుంచి కళ్లల్లో వత్తులేసుకుని కాపలా. అంతకు ముందు బల్లకు ఎదురుగా తిన్నగా కూర్చునేవారు. ఇప్పుడు తమ్ముడి చేతులు ఎప్పుడూ కనబడేలా కుర్చీ పక్కకు తిప్పుకున్నారు. కుడి మోచేయి మడిచి, బల్ల అంచు మీద ఆనించి, ఒళ్లు బరువంతా దాని మీదే వేసి పొద్దస్తమానం అలాగే ఒరిగి కూర్చునేవారు. మధ్యమధ్య మోచేయి రుద్దుకునేవారు. వాడికి బావంటే ప్రేమ కదా, చూసి ఊరుకోలేక పాత గుడ్డ మడతపెట్టి చిన్న మెత్త కుట్టి బల్ల అంచుకు కట్టాడు.

"బావా, మోచేతికి ఒత్తుకోకుండా ఉంటుంది," అన్నాడు.

మా ఆయన ఆ మెత్తను భూతద్దంలో చూశారు. గుడ్డ నుంచి నూగు రాలుతుంది. నూగు పడితే వాచీ ఆగిపోతుంది. ఇక చెప్పేదేముంది? మెత్త వీధిలో పడింది. "నా పని మీద నూగు పోస్తావురా?" అన్నారు. వాడు బిక్కమొహం వేసి నా వంక చూశాడు. నేను ఎటు చూడాలో తెలియక చేతిలోని బెల్టు వంక చూశాను.

తర్వాత వెంట్రుక వచ్చింది. ఒకరోజు కొట్టు కట్టేసేముందు ఆయన నా జడలోంచి ఒక పొడుగాటి వెంట్రుక పీకారు. ముద్దుకేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని! దాన్ని తన ట్వీజర్లుండే సొరుగుకూ, బల్ల చెక్కకూ మధ్య కాస్త మైనంతో అడ్డంగా అంటించారు. సొరుగు ఎవరైనా లాగితే వెంట్రుక ఊడిపోతుంది. పొద్దున వచ్చి భూతద్దంతో చూశారు. వెంట్రుక లేదు.

తమ్ముడు అప్పుడే లోపలికి వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"కొట్టు ముందు తెరిచింది ఎవరు?" అన్నారు మా ఆయన.

"నేనే బావా. షట్టరు ఎత్తి టీ చెప్పి వచ్చాను."

"సొరుగు ఎందుకు లాగావు?"

"నేను లాగలేదు."

"వెంట్రుక ఏదిరా?"

ఏ వెంట్రుకో వాడికి తెలియదు పాపం. తెలిశాక వాడి మొహం తెల్లబోయింది. తిడితే పడేవాడు, మొట్టినా పడేవాడు. తనకోసం ఉచ్చు పెట్టారని వినగానే ఏదో తెగిపోయింది.

"బావా, మీరు నేర్పిన చేతులివి. వీటితో మీ పని చెడగొడతానా?"

"నేర్పింది నేనే కదా. అవి ఏమేం చేయగలవో నాకు తెలియదా?"

 వాడు జేబులోంచి తన భూతద్దం తీసి బల్ల మీద పెట్టి, "వస్తానక్కా" అని వెళ్లిపోయాడు. నేను వెనకాలే పరిగెత్తాను. వీధి మలుపు దాకా పిలిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వారంలోనే అవతలి గాజు షాపులో చేరాడని తెలిసింది.

"చెప్పానా?" అన్నారు మా ఆయన. ఆ 'చెప్పానా' విన్నాక రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. వండి పెట్టాను, మాట్లాడలేదు.

ఇక దొంగ పోయాడు కదా, స్క్రూలు నిలవాలి. నిలవలేదు. ఇదివరకటి కన్నా ఎక్కువగా పడసాగాయి. తాళంచెవి తిప్పబోతే జారుతోంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పెనుగులాడుతున్నారు. జేబులో చెయ్యి పెట్టబోతే చిటికెన వేలు బయటే ఆగి జేబు అంచుకు తగులుకుంటోంది. నాకు అప్పుడే ఏదో తేడాగా అనిపించింది. ఆయనకు మాత్రం కొత్త అనుమానం పుట్టింది.

"వాడి దగ్గర కొట్టు తాళానికి మారు చెవి ఉంది. మనం లేనప్పుడు వచ్చిపోతున్నాడు."

"అక్కడ షాపులో నిలబడి ఉద్యోగం చేసుకుంటున్నాడండీ!"

"అదే మరి. అనుమానం రాకుండా."

ఏం చెప్పను? మళ్లీ నా జడ మీద పడ్డారు. మళ్లీ ఒక వెంట్రుక. ఈసారి లైటు నన్ను పట్టుకోమన్నారు. మైనం అద్ది, వెంట్రుక అడ్డంగా సాగదీసి అంటించి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. మిగతా వేళ్లు ముడుచుకుని వెనక్కి వచ్చాయి. చిటికెన వేలు మాత్రం పక్కకు చాచుకునే ఉంది. అది వెంట్రుకకు తగిలి, దాన్ని ఊడదీసుకుని, వేలికి అంటించుకుని మరీ వచ్చింది. ఆయన లేచి షట్టరు వైపు నడిచారు.

"ఏవండీ, వెంట్రుక ఏది?"

వెనక్కి వచ్చి చూశారు. లేదు. నా వైపు తిరిగారు. ఆ చూపు నేను చచ్చినా మరిచిపోను.

"నువ్వు తీశావా?"

"నేనా? లైటు పట్టుకున్నదాన్ని! మీ చిటికెన వేలు చూసుకోండి."

చూసుకున్నారు. వెంట్రుక వేలికి వేలాడుతోంది. "నువ్వే అంటించావు," అనబోయి ఆగిపోయారు. అంత మాట ఆయనకు కూడా నోట రాలేదు. "మళ్లీ పెట్టండి. ఈసారి అద్దంలోంచి మీ వేలినే చూస్తూ పెట్టండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

భూతద్దం కంటికి బిగించి ఇంకొక వెంట్రుక పెట్టారు. చెయ్యి వెనక్కి లాగుతూ చూశారు. చిటికెన వేలు మళ్లీ అదే పని చేసింది. తన కళ్లముందే, అంత పెద్దదిగా కనబడుతూ, ఆయన చెప్పని పని చేసింది. వెంట్రుక తగిలినట్టు ఆ వేలికి తెలియనే తెలియలేదు. అది ఆయన వేలేనని నమ్మకం కుదరనట్టు రెండో చేత్తో పట్టుకుని వంచి చూశారు. కళ్లు మూసుకోమని ఆ వేలిని నేను గిల్లాను. "గిల్లు," అన్నారు. "గిల్లానండీ," అన్నాను.

అప్పుడు చూశాను, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చెయ్యి వెనక వైపు ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ లోపలికి గుంటపడిపోయింది. ఎడమ చెయ్యి పక్కన పెడితే ఇంకా తెలిసింది.  ఆ చెయ్యే మా ఇల్లు.

"ఎవరికీ చెప్పకు," అన్నారు నెమ్మదిగా. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నరాల డాక్టరమ్మ దగ్గరికి నేనే లాక్కుపోయాను. గదిలోకి వెళ్లాక ముందు గోడ మీది సర్టిఫికెట్లు చదివారు. డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టుకోమని, అటువైపు లాగింది. ఈయన బొటనవేలి కణుపు వంకరగా వంగింది, అయినా కాగితం ఊడి వచ్చింది. "ఈ కాగితం నున్నగా ఉంది," అన్నారు. ఆవిడ నవ్వి, ఆయన జేబులో ఉన్న చీటీయే తీసుకుని మళ్లీ లాగింది. అదీ వచ్చేసింది.

"ఎడమ చేత్తో మీ కుడి ముంజేయి పట్టుకుని పిడికిలి బిగించండి," అంది. "ఏం తెలుస్తోంది?"

"కండ కదులుతోంది."

"వేళ్లను ముడిచే పెద్ద కండలు ఉన్నది అక్కడ. వేళ్లలో కండ లేదు. ముంజేతి నుంచి తాళ్లలాంటివి మణికట్టు దాటి వచ్చి వేళ్లను లాగుతాయి. అవి మొరటు పనికి. ట్వీజరు పట్టే సన్నపు పనికి మాత్రం అరచేతిలోనే చిన్నచిన్న కండలున్నాయి. మీవి ఆ చిన్నవే చిక్కిపోయాయి."

"ఎందుకు చిక్కాయి? నేను పని చేస్తూనే ఉన్నాను కదా?"

"మీరు చేయమంటున్నారు. ఆ మాట వాటికి చేరడం లేదు. వేలు కదపాలని మీరు అనుకోగానే మెదడులో ఆజ్ఞ పుడుతుంది. వెన్నుపాములోకి దిగుతుంది. అక్కడ ఇంకొక నరం అందుకుంటుంది. మెడలోంచి, చంకలోంచి, మోచేతి వెనక నుంచి అరచేతిలోకి తీసుకుపోతుంది. కండ దగ్గర ఆ నరం కొస ఒక పిసరు రసం వదులుతుంది. అది తగిలితేనే కండ బిగుస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు ఇదంతా. మాట రాకపోతే కండ ఊరికే కూర్చుంటుంది. చాలాకాలం ఊరికే కూర్చుంటే కరిగిపోతుంది."

మా ఆయన ముందుకు వంగారు. ఇది ఆయనకు నచ్చిన కేసు. "అయితే తప్పెవరిది? మెదడుదా, కండదా?"

"రెండూ బాగానే ఉన్నాయి. దారిలో నరం నలిగింది."

"ఎవరు నలిపారు?"

డాక్టరమ్మ ఆయన మోచేతి వెనక, ఎముక పక్క గాడిలో వేలితో చిన్నగా కొట్టింది. ఆయన కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. మోచేయి దేనికైనా తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, అదే చోటు. ఆ నరానికి అక్కడ కండ కప్పు లేదట, ఎముకకూ తోలుకూ మధ్య వట్టిగా పోతుందట. "మీరు బల్ల దగ్గర ఎలా కూర్చుంటారో చూపించండి," అంది.

ఆయన మోచేయి మడిచి టేబులు అంచు మీద ఆనించి, ఒళ్లంతా ఒరగేసి కూర్చున్నారు.

"ఇలా పక్కకు తిరిగి ఎందుకు?"

 నేను ఊరుకుంటానా? "మా తమ్ముడి మీద కాపలా కాయడానికండీ!" అన్నాను. కోపం, ఏడుపు కలిసి వచ్చేశాయి. "వాడు మెత్త కుట్టి కడితే వీధిలో పారేశారు!"

"ఆ మెత్త ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో," అంది డాక్టరమ్మ. "నలిపింది మీరేనండీ. మొదలుపెట్టింది ఏళ్ల తరబడి మోచేయి మడిచి చేసిన పని, ముదరబెట్టింది ఆ కూర్చోవడం."

అయినా ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటారా? నరాన్ని మిషనుతో పరీక్ష చేశారు. చిటికెన వేలి కింద చిన్న బిళ్లలు అంటించి, మణికట్టు దగ్గర కరెంటు తాకించారు. చిటికెన వేలు టక్కున పక్కకు ఎగిరింది. ఈయన బెదిరిపోయారు. "నేను కదపలేదు! ఎవరు కదిపారు?" నరానికి బయటి నుంచి మాట అందితే చాలు, కండ వింటుంది, యజమాని ఎవరని అడగదు, అంది డాక్టరమ్మ. తర్వాత మోచేతికి పై భాగంలో తాకించారు. తెర మీద గీత ఈసారి నీరసంగా, ఆలస్యంగా లేచింది. మోచేతి దగ్గర దారి మూసుకుపోతోందని కంటికి కనబడింది. మిషను చెడిపోయిందేమో, ఎడమ చేతికి పెట్టి చూడమన్నారు. పెట్టారు. ఎడమ చేతిలో రెండు చోట్లా గీత చురుగ్గా లేచింది. ఆ పరీక్షకు ఇక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చే వైపు చూస్తూ, "వాడు సొరుగు లాగలేదు," అన్నారు.

"లాగలేదు," అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను. ఆయన మొహం చూశాక అనలేకపోయాను.

ఆపరేషను చేసి మోచేతి దగ్గర నరాన్ని ఒత్తిడి లేకుండా వదులు చేశారు. చెయ్యి తిరిగి వస్తుందని, కానీ నరం గోరు పెరిగినంత నిదానంగా కోలుకుంటుందని, అప్పటిదాకా ట్వీజరు ముట్టొద్దని చెప్పారు. కొట్టులో విప్పిన వాచీలు గిన్నెల కింద మూతపెట్టి ఉన్నాయి. రోజూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతున్నారు. తమ్ముడు రావాలి. అడగాల్సింది ఎవరో ఆయనకు తెలుసు. నేను నోరెత్తలేదు. ఈసారి నేను మధ్యలో దూరితే అది క్షమాపణ కాదు, నా ఏడుపు మీద జాలి అవుతుంది.

ఒకరోజు మధ్యాహ్నం కట్టు కట్టిన చేత్తోనే వీధి దాటారు. వెనకాల నేను. గాజు తలుపులోంచి చూస్తే తమ్ముడు టై కట్టుకుని కొత్త వాచీలు అమ్ముతున్నాడు. రిపేరు బల్ల దగ్గర ఇంకెవరో ఉన్నారు.

"వాణ్ని రిపేరుకు కదా పిలిచింది? అమ్మకంలో ఎందుకున్నాడు? ఏదో ఉంది," అన్నారు. ఈ మనిషి మారడు అనుకున్నాను.

లోపలికి వెళ్లి కౌంటరు ముందు నిలబడ్డారు. షాపు యజమాని చూస్తున్నాడు, కొనేవాళ్లు చూస్తున్నారు. "వెంట్రుక తెంపింది నేనే," అన్నారు పెద్దగా. "నీ తప్పు లేదురా. నిన్ను దొంగన్నాను. తప్పయింది. రా." పక్కనున్నవాళ్లకు ఏ వెంట్రుకో ఏమిటో అర్థం కాలేదు. వాడికి అర్థమైంది. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కట్టున్న చెయ్యి పట్టుకుని, "నొప్పిగా ఉందా బావా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ నెల అక్కడ ముగించుకుని వాడు మా కొట్టుకు వచ్చాడు. ఆరోజు ఇల్లు తుడిచినట్టు బల్ల తుడిచాను. వాడు తన చోట కూర్చున్నాడు. ఒక ఆడవాళ్ల వాచీ ముందుకు లాక్కుని, భూతద్దం పెట్టుకుని, ట్వీజరుతో స్క్రూ అందుకున్నాడు.

అందుకుని ఆగిపోయాడు.

కూనిరాగం లేదు. తన వేళ్ల వంకే చూసుకుంటున్నాడు. తలెత్తి బావ వంక చూశాడు, మళ్లీ వేళ్ల వంక చూశాడు.  స్క్రూ పడిపోయింది.

 "ఏమిట్రా? నీకూ చెయ్యి మొద్దుబారుతోందా? గిల్లితే తెలుస్తోందా?"

"చెయ్యి బాగానే ఉందక్కా. అన్నీ తెలుస్తాయి." వాడు సిగ్గుపడుతూ చెప్పాడు. "ఇదివరకు వేళ్లు ఎలా కదిలేవో నాకు తెలియదు, కదిలేవి. ఇప్పుడు స్క్రూ పట్టుకోగానే నా కళ్లు వేళ్ల మీదికి పోతాయి. ఎవరో చూస్తున్నట్టు నన్ను నేనే చూసుకుంటాను. అంతే, అవి బిగుసుకుపోతాయి. అందుకే అక్కడ అమ్మకంలో వేయమన్నాను."

 మా ఆయన లేచి, ఎడమ చేత్తో తన కుర్చీని ఈడ్చి, గోడ వైపు తిప్పుకుని, మాకు వీపు చేసి కూర్చున్నారు. కంటికున్న భూతద్దం తీసేసి జేబులో వేసుకున్నారు. గోడకు అంత దగ్గరగా కూర్చుంటే చూడటానికి సున్నం తప్ప ఏమీ ఉండదు.

"ఇప్పుడు చెయ్యి," అన్నారు.

వాడు ఇంకొక స్క్రూ తీశాడు.  నేను కూడా ఎటో చూశాను. టిక్కున చప్పుడైంది.

మా ఆయన వీపు బిగుసుకుంది. తల తిప్పలేదు.

"నేను చూడలేదురా," అన్నారు గోడతో చెబుతున్నట్టు. "ఒట్టు. నేను చూడలేదు."

"తెలుసు బావా," అన్నాడు తమ్ముడు.

వాడు నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలిసింది, ఆయనకూ తెలిసింది.